తీర్మానాల పుస్తకంలో మన వేలిముద్ర
(బడి కమిటీల నిర్మాణంపై ఒక విమర్శ)

దళితుల చదువు గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మన చర్చ రిజర్వేషన్ల దగ్గరో, హాస్టళ్ళ దగ్గరో, స్కాలర్‌షిప్పుల దగ్గరో తేలుతుంది. అవి చిన్న విషయాలని మేము అనం. వాటికోసం జరిగిన పోరాటాల వల్లనే మాలాంటివాళ్ళం ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాం. కానీ ఐదారేళ్ళ పిల్ల మొదటిసారి అడుగుపెట్టే ఊరి ప్రాథమిక పాఠశాల మీద పెత్తనం ఎవరిది, దాని కమిటీలో ఎవరు కుర్చీలో కూచుంటున్నారు, ఎవరు గోడకానుకుని నిలబడుతున్నారు అనే ప్రశ్న మీద మన పత్రికల్లో వచ్చింది చాలా తక్కువ. కమిటీ అనగానే 'ఆఁ, అదేదో హెడ్మాస్టరు రాసుకునే కాగితం' అని తీసిపారేస్తాం. ఆ కాగితాన్నే ఒక రచనగా చేతిలోకి తీసుకుని చదివితే ఏం కనపడుతుందో చూద్దామన్నదే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

మేము తిరిగిన కొన్ని బడుల్లో తీర్మానాల పుస్తకాలు చూశాం. (బడుల పేర్లు రాయడం లేదు. రాస్తే దెబ్బ పడేది పుస్తకం రాసినవాళ్ళ మీద కాదు, దాన్ని మాకు చూపించమని అడిగిన తల్లుల మీద.) పుస్తకమంతా ఒకే చేతిరాత. ప్రతి పేజీ 'ఈ రోజు పాఠశాల ఆవరణలో సమావేశం జరిగినది' అని మొదలవుతుంది, 'సభ్యులందరూ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది' అని ముగుస్తుంది. మధ్యలో సున్నాలు, సుద్దముక్కలు, ఆగస్టు పదిహేను మిఠాయిలు. కింద సంతకాలు. సంతకాల వరసలో పైన సర్పంచి మనిషో వార్డు మెంబరో ఉంటారు, తర్వాత టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్త. అట్టడుగున నీలి మరకల్లా వేలిముద్రలు. వాటి పక్కన హెడ్మాస్టరు చేతిరాతతోనే రాసిన పేర్లు. ఆ పేర్లకు ఇంటిపేరు కూడా ఉండదు. 'మరియమ్మ', 'పోచమ్మ', 'ఏసోబు', అంతే.

ఏకగ్రీవం అంటే మాటకు అర్థం ఒకే మెడ. పదిహేను మంది తల్లిదండ్రులున్న కమిటీలో ఏళ్ళ తరబడి ఒక్క భిన్నాభిప్రాయం కూడా నమోదు కాలేదంటే ఆ ఒక్క మెడ ఎవరిదో అడగవలసే ఉంది. మరియమ్మ ఏం మాట్లాడిందో పుస్తకంలో లేదు. మేము అడిగితే ఆమె అన్నది ఇంతే: "సారు పిలిస్తే పోయినం. ఏలెయ్యమంటే ఏసినం. పత్తికి పోయేదుంది, బేగి రావాల్నాయె." ఈ మూడు ముక్కల్లో కమిటీ నిర్మాణమంతా ఉంది. పిలిచేది ఒకరు, రాసేది ఒకరు, ముద్ర వేసేది మనం.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. 2009 విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం ఎయిడ్ లేని ప్రైవేటు బడులు తప్ప ప్రతి బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతులు ఆ బడి పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. సగం మంది ఆడవాళ్ళు కావాలి. అణగారిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఉండాలి. కమిటీ బడి పనితీరు మీద నిఘా పెట్టాలి, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి సిఫారసు చెయ్యాలి, వచ్చిన గ్రాంటులు ఎట్లా ఖర్చవుతున్నాయో చూడాలి. కాగితం మీద ఇది మంచి చట్టమే. మాల మాదిగ వాడ నుంచి వచ్చిన తల్లికి హెడ్మాస్టరును లెక్క అడిగే హక్కు ఇచ్చిన చట్టం మన ప్రాంతంలో ఇంతకుముందు ఇంత స్పష్టంగా ఏదీ లేదు. ఆ మాట దాచిపెట్టి విమర్శ చెయ్యడం న్యాయం కాదు.

అయితే చట్టం నుంచి రాష్ట్ర నియమాల్లోకి దిగేటప్పటికి ఒక చిన్న గారడీ జరిగింది. చట్టంలో ఉన్న మాట 'దామాషా'. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నియమాల్లో అది 'కనీసం ఒకరు' అయ్యింది. తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల్ని ఎన్నుకోవాలి, ఐదు తరగతుల బడికి పదిహేను మంది. ఆ ముగ్గురిలో అణగారిన వర్గం నుంచి కనీసం ఒకరు, బలహీన వర్గం నుంచి కనీసం ఒకరు, కనీసం ఇద్దరు ఆడవాళ్ళు. మన ఊళ్ళల్లో 'కనీసం' అనే మాట ఎట్లా పనిచేస్తుందో తెలిసిన వాళ్ళకు వివరించనక్కర్లేదు. కనీసం అన్నదే గరిష్ఠమై కూచుంటుంది. బడిలో నూటికి ఎనభై మంది ఎస్సీ పిల్లలున్నా 'ఎస్సీ కోటా అయిపోయింది గదా' అంటారు. అనేవాళ్ళు చట్టం చదవలేదు. వినేవాళ్ళకు ఎవరూ చదివి చెప్పలేదు.

అంతకంటే తెలివైన నియమం ఇంకొకటుంది. చైర్‌పర్సన్, వైస్ చైర్‌పర్సన్ ఇద్దరినీ ఎన్నికైన తల్లిదండ్రుల్లోంచే ఎన్నుకోవాలి. ఇద్దరిలో ఒకరైనా అణగారిన లేదా బలహీన వర్గానికి చెందాలి, ఒకరైనా స్త్రీ కావాలి. చదవగానే బాగానే ఉన్నట్టనిపిస్తుంది. ఒక దళిత స్త్రీని వైస్ చైర్‌పర్సన్‌గా పెట్టి చూడండి. రెండు షరతులూ ఒకే మనిషితో, ఒకే దెబ్బకు తీరిపోయాయి! చైర్మన్ కుర్చీ మళ్ళీ ఎప్పటిలాగే ఊరి పెద్దకులం మగవాడికి ఖాళీగా దొరికింది. 'లేదా' అన్న మాటలో ఇంకో మెలిక ఉంది: రెండు కుర్చీల్లో ఒక్క దళితుడు కూడా లేకుండా ఈ నియమాన్ని పాటించవచ్చు. బీసీలకు దక్కినందుకు మాకు బాధ లేదు, దక్కాలనే కోరుకుంటాం. రెండు వర్గాలను ఒకే కుర్చీ ముందు నిలబెట్టి పోటీ పెట్టడం మీదే మా అభ్యంతరం. అట్లాగే ఎస్సీ సభ్యుడు అన్నప్పుడు మాలా, మాదిగా, రెల్లా, డక్కలా అనే ప్రశ్నను వర్గీకరణ ఉద్యమం మన ముందు పెట్టి చాలాకాలమైంది. బడి కమిటీ దాకా ఆ ప్రశ్న ఇంకా రాలేదు.

ఇక ఎన్నిక. చేతులెత్తి గానీ, నోటి మాటతో గానీ జరగాలని నియమం. మరీ తప్పకపోతేనే రహస్య బ్యాలెట్. పంచాయతీ వార్డు మెంబరుకు రహస్య ఓటు ఉంది, శాసనసభకు ఉంది, పాల సంఘానికి కూడా ఉంది. బడి కమిటీకి వచ్చేసరికి 'అందరూ మనవాళ్ళే, చెయ్యెత్తితే పోలా' అంటారు. రేపు నాటుకు పిలవాల్సిన రైతు ఎదురుగా నిలబడి ఉండగా, అతని తమ్ముడికి పోటీగా నిలబడ్డ సాటి కూలీకి చెయ్యెత్తడమంటే ఆ సీజను కూలీని పణంగా పెట్టడమే. ఎత్తిన చెయ్యిని అందరూ చూస్తారు. పైగా ఎన్నిక పెట్టేది పనిరోజు పొద్దున. నోటీసు బడి గోడమీద అంటిస్తారు. చదువురాని తల్లికి గోడ మీది కాగితమూ గోడా ఒకటే. టముకు వేయించినచోట కూడా అది వాడ మొదట్లోనే ఆగిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇవే కమిటీలకు తల్లిదండ్రుల కమిటీలని పేరు పెట్టి, ఆ నవంబరులో మొదలైన 'మన బడి నాడు-నేడు' పనులు వాటి చేతుల్లో పెట్టారు. సిమెంటు, ఇనుము, టైల్సు కొనే అధికారం రాగానే అంతవరకు ఎవరికీ పట్టని కమిటీ మీద పార్టీలకు ఒక్కసారిగా ప్రేమ పుట్టింది. మళ్ళీ 2024 ఆగస్టు 8న పాఠశాల యాజమాన్య కమిటీల పేరుతో ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో 2024లో 'అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ'లు వచ్చాయి. వాటికి చైర్‌పర్సన్ తల్లిదండ్రులు ఎన్నుకున్న మనిషి కాదు, మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు. హెడ్మాస్టరు కన్వీనరు. బడి రిపేర్ల పని వాళ్ళది. ఆడవాళ్ళ చేతికి పని వచ్చింది, సంతోషమే. కానీ నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే అన్న సూత్రంతో చట్టం పెట్టిన కమిటీ పక్కన కూచుంది, నిధులు ఇంకో కమిటీ వైపు నడిచాయి. ఒకే బడికి రెండు కమిటీలు ఉంటే తల్లి ఎవరిని అడగాలి?

ఇక్కడ మేము కొంచెం వెనక్కి వెళ్ళక తప్పదు. స్థానిక కమిటీలు, వికేంద్రీకరణ, ప్రజల భాగస్వామ్యం అనే మాటలు వినగానే మన ప్రజాస్వామిక మిత్రులు వెంటనే చప్పట్లు కొడతారు. ఈ విషయంలో అంబేద్కర్ ఏం చేశాడో వాళ్ళు గుర్తుపెట్టుకోరు. 1923 బొంబాయి ప్రాథమిక విద్యా చట్టం ప్రాథమిక బడులను స్థానిక సంస్థల స్కూలు బోర్డుల చేతికి అప్పగించింది. 1928లో బహిష్కృత హితకారిణీ సభ తరఫున సైమన్ కమిషన్‌కు ఇచ్చిన విద్యా నివేదికలో అంబేద్కర్ ఆ బదిలీని ఆపాలనీ, ఆ చట్టాన్నే రద్దు చెయ్యాలనీ అడిగాడు. లేకపోతే అణగారిన కులాల చదువు వెనక్కి పోతుందన్నాడు. అదే నివేదికలో 1856 నాటి ధార్వాడ సంగతి ఉంది. ఒక మహర్ పిల్లవాడు సర్కారు బడిలో చేర్చుకోమని అర్జీ పెట్టుకుంటే, ఒక్కడికోసం మిగతా వాళ్ళందరినీ దూరం చేసుకోలేమన్న ధోరణిలో బొంబాయి ప్రభుత్వం తోసిపుచ్చింది. తెల్లదొరల సర్కారే ఊరి పెద్దకులాల మాట కాదనలేకపోతే, ఆ ఊరి పెద్దకులాలే సర్కారయ్యి కూచున్న స్కూలు బోర్డు ఏం చేస్తుంది? అంబేద్కర్ భయం అది. ఇరవై ఏళ్ళ తర్వాత 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని ఆదర్శంగా చూపేవాళ్ళను ఆయన అంత గట్టిగా ఎదుర్కోవడం కూడా ఈ అనుభవం నుంచి విడదీసి చూడలేం.

మన వైపు చూసినా కథ అదే. భాగ్యరెడ్డి వర్మ 1910 ప్రాంతంలో హైదరాబాదులో ఆది హిందువుల పిల్లలకు విడిగా బడులు పెట్టడం మొదలుపెట్టాడు. అవి పెరిగి ఇరవైకి పైగా అయ్యాయి. మద్రాసు రాష్ట్రంలో 1920 తర్వాత లేబర్ శాఖ అణగారిన కులాల వాడల్లో విడిగా బడులు నడిపింది. ఊరి బడి అగ్రహారంలోనో, చావడిలోనో, గుడి పక్కనో ఉంటే మన పిల్లలు అక్కడికి పోలేరు కాబట్టే వాడలో బడి పుట్టింది. ఈనాటికీ చాలా ఊళ్ళల్లో 'ఎస్సీ కాలనీ బడి' అని పిలిచే బడికి మూలం ఇదే. దాన్ని ఊరు దయతో కట్టలేదు, ఊరు రానివ్వక కట్టుకోవలసి వచ్చింది.

ఈ చరిత్ర చూశాక స్థానిక కమిటీలు వద్దనాలా? అట్లా అనలేం. కారణం, 1928కీ ఇప్పటికీ మధ్య ఒక పెద్ద మార్పు జరిగింది. ఊరి పెద్దకులాల పిల్లలు సర్కారు బడి వదిలేశారు. పొద్దున్నే పసుపు వ్యాను వచ్చి వాళ్ళను పట్నంలోని కాన్వెంటుకు తీసుకుపోతుంది. వాళ్ళు పోయే బడికి 21వ సెక్షన్ కమిటీ లేదు, శ్రమదానం లేదు, తీర్మానం లేదు. ఫీజు కడితే చాలు. సర్కారు ప్రాథమిక బడిలో మిగిలింది ఎక్కువగా దళితుల, ఆదివాసీల, బీసీల, ముస్లిం పేదల పిల్లలు. చట్టం ప్రకారం ఆ బడిలో బిడ్డ లేనివాడు తల్లిదండ్రుల కోటాలో సభ్యుడు కాలేడు. అంటే చరిత్రలో మొదటిసారి, లెక్క ప్రకారం, బడి కమిటీ మనదే కావలసి ఉంది. తమ పిల్లలు లేని బడి మీద పెత్తనం పోగొట్టుకోకుండా ఉండడానికి వాళ్ళు వెతుక్కునే దారులు మూడు: వార్డు మెంబరు హోదా, 'విద్యాభిమాని' పేరుతో కోఆప్షన్, తమ దగ్గర పనిచేసే కూలీని చైర్మన్‌గా నిలబెట్టడం. మూడో దారి అన్నిటికంటే ప్రమాదం. అక్కడ చైర్మన్ మనవాడే, సంతకమూ మనదే, రేపు లెక్కల్లో తేడా వస్తే పట్టుబడేదీ మనవాడే.

కుర్చీ మన దాకా వచ్చేసరికి కుర్చీలో ఏముందో కూడా చూడాలి. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పాఠశాల విద్యలో సామాజిక భాగస్వామ్య చట్టం నాటి విద్యా కమిటీలకు గదులు కట్టించే పని, విద్యా వాలంటీర్లను పెట్టుకునే పని ఉండేవి. వాటి చుట్టూ బోలెడు అవినీతి, బంధుప్రీతి జరిగింది, నిజం. నెలకు నాలుగు రాళ్ళ గౌరవ వేతనానికి చదువుకున్న దళిత నిరుద్యోగిని వాలంటీరు పేరుతో పనిచేయించుకున్న మోసం వేరే కథ. ఇప్పుడు సమగ్ర శిక్ష గ్రాంటు చూడండి. ముప్పై మంది దాకా పిల్లలున్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు, ముప్పై దాటి వంద దాకా ఉంటే 25,000. అందులోనే సుద్దముక్క, చీపురు, కరెంటు బల్బు అన్నీ. 2021 నుంచి ఆ డబ్బు కూడా జీరో బ్యాలెన్సు ఖాతాల్లో కనపడేదీ మాయమయ్యేదీ పైవాళ్ళ చేతిలోనే. పెద్దకులపు చైర్మన్లు ఉన్నప్పుడు కమిటీకి సిమెంటు ఇచ్చారు, మనం వచ్చేసరికి చీపురు ఇచ్చారు అంటే కొంచెం మోటుగా ఉంటుందేమో. ఉండనివ్వండి.

కమిటీ లేనిచోట కాదు, కమిటీ ఉన్నచోటే కులం ఎట్లా పనిచేస్తుందో తెలియాలంటే మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడాలి. వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో అన్నం మొదలైంది. 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు వంటవాళ్ళ నియామకంలో ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఆదేశం కాగితం మీద నిలిచింది. కట్టెల పొయ్యి దగ్గరకు వచ్చేసరికి 'తల్లిదండ్రులు అభ్యంతరం పెడుతున్నారు' అన్న వాక్యం పుట్టింది. మేము చూసిన ఒక పుస్తకంలో వంట ఏజెన్సీని మార్చాలన్న తీర్మానం ఉంది. కారణం 'శుభ్రత లోపం'. ఎవరు శుభ్రత చూశారు, ఎన్నిసార్లు హెచ్చరించారు, ఆమె ఏం జవాబు చెప్పింది, ఒక్క ముక్క లేదు. తీసేసిన ఆమె మాదిగ స్త్రీ, పెట్టుకున్న ఆమె కాదు. ఆ తీర్మానం కింద ముగ్గురు మాదిగ సభ్యుల వేలిముద్రలు కూడా ఉన్నాయి. వాళ్ళను కలిశాం. తాము ముద్ర వేసింది పిల్లల యూనిఫాం కుట్టుకూలీ కాగితం మీద అనుకున్నారు. ఆ తర్వాత మాట్లాడ్డానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

దళిత టీచరు సంగతి ఇంకొకటి. బడి మీద నిఘా కమిటీదే అన్నప్పుడు మనం చప్పట్లు కొడతాం, ఎందుకంటే బడికి రాని టీచరు వల్ల నష్టపోయేది మన పిల్లలే. కానీ కమిటీ పెద్దకులం చేతిలో ఉన్నచోట ఆ నిఘా మొదట పడేది దళిత టీచరు మీదే. పది నిమిషాలు ఆలస్యమైతే పై అధికారికి కాగితం పోతుంది. ఊళ్ళో ఇల్లు అద్దెకు దొరకక పట్నం నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషికి ఆలస్యం ఎందుకైందో ఆ కాగితంలో ఉండదు. మన మిత్రుల్లో టీచర్ల సంఘాల్లో పనిచేసేవాళ్ళు ఈ భయంతోనే కమిటీలకు ఏ అధికారం ఇవ్వద్దంటారు. వాళ్ళ భయం నిజం, పరిష్కారం తప్పు. తల్లి చేతిలో అధికారం లేకపోతే టీచరు భద్రంగా ఉండడు, హెడ్మాస్టరూ మండల అధికారీ మాత్రమే భద్రంగా ఉంటారు. దళిత టీచరు సెలవురోజున వాడలోకి వెళ్ళి తల్లులకు తీర్మానం అంటే ఏమిటో చెప్పినచోట, అతని మీద కాగితం రాయించడం అంత తేలిక కాలేదు. ఇది మేము ఒకటి రెండు ఊళ్ళల్లోనే చూశాం, కాబట్టి దీన్ని సిద్ధాంతం చెయ్యం.

ఇంతకంటే మౌలికమైన మాట ఒకటుంది. బడి ఉండాలా పోవాలా అన్న విషయంలో కమిటీకి ఏ హక్కూ లేదు. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117వ నంబరు జీవోతో బడుల స్వరూపం మార్చి 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్ళకు తరలించే పని పెట్టుకున్నప్పుడు చాలా ఊళ్ళల్లో తల్లిదండ్రులు బడి ముందు కూచున్నారు, గేట్లకు తాళాలు వేశారు. వాళ్ళను ముందుగా ఎవరూ అడగలేదు. ఆ జీవోను 2025లో వెనక్కి తీసుకున్నారు. కానీ కాలనీ బడి నుంచి వెళ్ళిన పిల్లలందరూ తిరిగి రారు. రోడ్డు దాటి, ఊరు దాటి పోలేక మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లను ఏ జీవో వెనక్కి తేలేదు. మిఠాయిల ఖర్చుకు తీర్మానం కావాలి, బడి మూతకు అక్కర్లేదు! పిల్లలు తక్కువున్నారన్న లెక్క చూపి వాడ బడి మూసినప్పుడు, ఆ బడి ఎందుకు పుట్టిందో ఆ లెక్కలో ఉండదు. హైస్కూలు దగ్గరి కుళాయి, హైస్కూలు దగ్గరి బెంచీ, అక్కడి పిలుపులు కిలోమీటర్లలో కొలవలేం.

అందుకే ఈ వ్యాసం చదివే కార్యకర్తలనూ విద్యార్థులనూ టీచర్లనూ మేము అడిగేది పెద్ద కార్యక్రమం కాదు. మీ ఊరి బడిలో తీర్మానాల పుస్తకం చూపించమని అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద నకలు అడగండి. దాన్ని వాడలో, రాత్రి పనుల నుంచి అందరూ వచ్చాక, గట్టిగా చదవండి. ఎవరెవరి ముద్ర దేని కింద ఉందో వాళ్ళకు తెలియాలి. రాబోయే ఎన్నికకు రహస్య బ్యాలెట్ కావాలని ముందే రాసి ఇవ్వండి. 'తప్పనిసరి పరిస్థితి' అంటే ఏమిటని వాళ్ళడిగితే కూలీ బతుకే తప్పనిసరి పరిస్థితి అని చెప్పండి. సమావేశం సాయంత్రం పెట్టమనండి. 'కనీసం ఒకరు' అన్నచోట చట్టంలో ఉన్న దామాషా మాట చూపించండి. బడి రిజిస్టరులో ఎంతమంది ఎస్సీ పిల్లలో లెక్కతీసి పక్కన పెట్టండి. చైర్‌పర్సన్ దళితురాలు కావాలనండి, వైస్ దగ్గర ఆగిపోవద్దు. ఆమె భర్త వచ్చి కుర్చీలో కూచుంటే లేపే పని కూడా మనదే, అక్కడ ఊరి పెద్దల మీద నెట్టేసి తప్పుకోలేం.

తీర్మానం రాసే కలం మాత్రం హెడ్మాస్టరు చేతిలోనే ఉంటుంది, కన్వీనరు ఆయనే కాబట్టి. రాసింది చదివి వినిపించాకే ముద్ర వేస్తామని అనడానికి ఏ నియమమూ అడ్డు లేదు. మేము చెప్పిన తల్లుల్లో ఒకామె పోయిన సమావేశంలో అదే అడిగిందట. సారు చదివాడు. నాలుగో అంశం దగ్గర ఆమె ఆపి, "అది మేమనలే" అంది. ఆ అంశం కొట్టేసి ఉంది పుస్తకంలో. పక్కన ఎవరి సంతకమూ లేదు.